నీహారికల రేడియో గీతలు: గుంటూరు నుంచి గౌరిబిదనూరు దాకా

పదో తరగతిలో పరమాణు నిర్మాణం పాఠం చదివిన ప్రతి విద్యార్థికీ బోర్ నమూనా గుర్తుండే ఉంటుంది. మధ్యలో కేంద్రకం, చుట్టూ వలయాలు, వలయం మీద ఎలక్ట్రాన్. పై వలయం నుంచి కింది వలయానికి ఎలక్ట్రాన్ దూకితే కాంతి వస్తుంది. పాఠం చివర ఈ నమూనాకు పరిమితులున్నాయని, తర్వాత క్వాంటం యాంత్రిక నమూనా వచ్చిందని ఉంటుంది. పిల్లలు ఆ రెండు ముక్కలు చదివి, బోర్ పని అయిపోయిందని, పరీక్షకు తప్ప అది దేనికీ పనికిరాదని అనుకుంటారు. ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని. ఆ అభిప్రాయాన్ని పోగొట్టడానికి నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన చరిత్ర ఒకటుంది. మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు నాకు మొదట తోచింది అదే.

ఇది ఆకాశంలోని నీహారికల నుంచి వచ్చే రేడియో గీతల చరిత్ర. ఇందులో డెన్మార్కు, హాలండు, రష్యా, అమెరికా ఉన్నాయి. అయితే ఒక కొస గుంటూరులో ఉంది. మరో కొస మన పొరుగున, హిందూపురం దాటగానే వచ్చే గౌరిబిదనూరులో ఉంది. ఈ రెండో కొస సంగతి మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గుంటూరులో చూసిన గీతలు

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. చంద్రుడి నీడ మన కోస్తా మీదుగా పోయింది. దాన్ని చూడడానికి ఫ్రాన్సు నుంచి జూల్స్ జాన్సెన్ గుంటూరు వచ్చి మకాం వేశాడు. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. సూర్యుడి అంచున ఎర్రటి మంటల్లా కనిపించే వాటి వెలుగును వర్ణపటదర్శినితో విడదీసి చూస్తే, ఇంద్రధనుస్సులాంటి రంగుల పట్టీ కాకుండా విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి వేడెక్కిన వాయువు. అందులో ముఖ్యమైనది హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని జాన్సెన్‌కు తోచింది. మర్నాడే గుంటూరులో అలా చూశాడు కూడా. అదే గ్రహణంలో కనిపించిన ఒక పసుపు గీతను మొదట సోడియం గీత అనుకున్నారు. అది సోడియంది కాదని, భూమి మీద తెలియని మూలకానిదని ఇంగ్లండులో నార్మన్ లాకియర్ తేల్చాడు. దానికే హీలియం అని పేరు వచ్చింది. భూమి మీద హీలియం దొరికింది 1895లో, విలియం రామ్సే ప్రయోగశాలలో.

అంతకు నాలుగేళ్ల ముందు, 1864లో, విలియం హగ్గిన్స్ ఒక నీహారిక వెలుగును ఇలాగే విడదీశాడు. అప్పటికి నీహారికలంటే దూరంగా ఉన్న నక్షత్రాల గుంపులేనా, లేక నిజంగా మేఘాలేనా అన్న వాదన నడుస్తోంది. హగ్గిన్స్‌కు కనిపించినవి కొద్ది గీతలు మాత్రమే. కాబట్టి ఆ నీహారిక వాయువని తేలింది. గీత అంటే చిరునామా లాంటిది. ఏ మూలకం, ఎంత వేడి, ఎటు కదులుతోంది అన్నవన్నీ దాన్ని చదివి చెప్పవచ్చు. కానీ ఫలానా గీత ఫలానా చోటే ఎందుకు వస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

మెట్ల బావి లెక్క

1913లో నీల్స్ బోర్ దానికి జవాబు చెప్పాడు. తరగతిలో నేను దీన్ని మన పొలాల్లోని మెట్ల బావితో పోల్చి చెప్పేవాణ్ని. ఒక విచిత్రమైన మెట్ల బావిని ఊహించుకోండి. అడుగున మెట్టుకూ మెట్టుకూ మధ్య నిలువెత్తు అంతరం ఉంది. పైకి వచ్చేకొద్దీ ఆ అంతరం తగ్గుతుంది. గట్టు దగ్గరికి వచ్చేసరికి మెట్లు కాగితాల దొంతరలా ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉంటాయి. ఎలక్ట్రాన్ అడుగు మెట్ల మీద దూకితే పెద్ద దూకుడు, కాబట్టి ఎక్కువ శక్తి. అది అతినీలలోహిత కాంతిగానో, కంటికి కనిపించే రంగుగానో వస్తుంది. పై మెట్ల మీద దూకితే చిన్న దూకుడు, తక్కువ శక్తి. అది రేడియో తరంగంగా వస్తుంది.

లెక్క సులువే. మెట్టు సంఖ్య వర్గం తీసుకుని ఒకటిని దానితో భాగించండి. రెండు మెట్లకూ అలా చేసి తేడా చూడండి. దాన్ని రిడ్‌బర్గ్ పౌనఃపున్యంతో, అంటే సెకనుకు 3,288 తర్వాత 12 సున్నాలు పెట్టిన సంఖ్యతో, గుణించండి. 273వ మెట్టు నుంచి 272వ మెట్టుకు దూకే హైడ్రోజన్ ఎలక్ట్రానుకు ఇలా వేస్తే 325 మెగాహెర్ట్జ్ వస్తుంది. పదో తరగతి పిల్లవాడు కాగితం మీద వేయగలిగిన లెక్క ఇది. ఈ సంఖ్యను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

బోర్ మరో మాట కూడా చెప్పాడు. మెట్టు సంఖ్య పెరిగేకొద్దీ పరమాణువు సైజు ఆ సంఖ్య వర్గం చొప్పున పెరుగుతుంది. అప్పటికి ప్రయోగశాలలోని వాయు నాళికల్లో హైడ్రోజన్ బామర్ శ్రేణిలో 12 గీతలే కనిపించేవి. ఆకాశంలో కొన్ని జ్యోతుల వర్ణపటంలో 33 గీతలు లెక్కపెట్టారు. నాళికలో పరమాణువులు కిక్కిరిసి ఉంటాయి, పెద్ద పరమాణువుకు అక్కడ చోటు లేదు. ఆకాశంలో వాయువు పల్చన, పెద్దదిగా ఎదిగినా తగిలేవారుండరు. అందుకే ఆ తేడా అని బోర్ వివరించాడు. యాభై ఏళ్ల తర్వాత రేడియో టెలిస్కోపులు నిజం చేసి చూపించింది ఈ మాటనే.

సాహా సమీకరణం

మెట్ల బావిలోకి ఎలక్ట్రాన్ పైనుంచి పడాలంటే ముందు అది బయటికి రావాలి. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువును అయాన్ అంటాం. ఏ వేడిలో, ఏ పీడనంలో ఎంత వాయువు అయాన్లుగా మారుతుందో మొదట లెక్కకట్టినవాడు మన దేశపు మేఘనాథ్ సాహా. 1920లో ఆయన ప్రచురించిన సమీకరణం నక్షత్ర భౌతికశాస్త్రానికి పునాది.

సాహా ఢాకా దగ్గర సియోరాతలి అనే పల్లెలో 1893లో పుట్టాడు. తండ్రిది చిన్న అంగడి. పై చదువుకు పక్క ఊరికి పోవాలంటే ఇంట్లో స్తోమత లేదు. అనంతకుమార్ దాస్ అనే వైద్యుడు తన ఇంట్లో ఉంచుకుని తిండి పెట్టి చదివించాడు. అలాంటి ఆదరువుతో చదివినవాళ్లు మన బడి చరిత్రలోనూ తక్కువేమీ కాదు కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా రాస్తున్నాను.

సాహా సమీకరణంలో ముఖ్యమైన పాఠం ఇది: వేడి ఒక్కటే చాలదు, పల్చదనం కూడా లెక్కలోకి వస్తుంది. విడిపోయిన ఎలక్ట్రానుకు మళ్లీ జోడీ దొరకడం పల్చని వాయువులో కష్టం. నీహారికల్లో పరిస్థితి సాహా ఊహించిన సమతౌల్యం కాదు. అక్కడ వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతి హైడ్రోజన్‌ను ఎడతెరిపి లేకుండా విడగొడుతూ ఉంటుంది. అయినా పల్చదనం పాఠం అక్కడా వర్తిస్తుంది. ఘన సెంటీమీటరుకు ఒక్క ఎలక్ట్రానే ఉన్న చోట, అది ఒక అయాన్‌తో మళ్లీ కలవడానికి సగటున లక్ష ఏళ్లకు పైగా పడుతుంది. అలా కలవడాన్నే పునస్సంయోగం అంటారు. కలిసిన ఎలక్ట్రాన్ చాలాసార్లు పై మెట్ల మీద పడి, ఒక్కో మెట్టూ దిగుతూ వస్తుంది. దిగిన ప్రతి మెట్టుకూ ఒక గీత. అవే పునస్సంయోగ గీతలు.

ఒక ఎలక్ట్రానుకు లక్ష ఏళ్లు పట్టేదాన్ని మనం ఒక రాత్రిలో ఎలా చూస్తాం అని పిల్లలు అడుగుతారు. నీహారిక ఎన్నో కాంతి సంవత్సరాల వెడల్పున్న మేఘం. అందులో ఎలక్ట్రాన్ల సంఖ్యకు అంతులేదు. ఏ క్షణంలో చూసినా లెక్కలేనన్ని ఎలక్ట్రాన్లు మెట్లు దిగుతూనే ఉంటాయి.

కనబడదన్న లెక్క, కనబడుతుందన్న లెక్క

రెండో ప్రపంచ యుద్ధంలో హాలండు జర్మన్ల ఆక్రమణలో ఉన్నప్పుడు, హెండ్రిక్ వాన్ డి హుల్స్ట్ అనే యువకుడు ఆకాశం నుంచి రేడియో గీతలు వచ్చే అవకాశం ఉందా అని లెక్కలు వేశాడు. 1945లో అచ్చయిన ఆ వ్యాసంలో రెండు తీర్పులున్నాయి. మామూలు హైడ్రోజన్ నుంచి 21 సెంటీమీటర్ల గీత కనబడవచ్చు అన్నది ఒకటి. అది 1951లో నిజంగానే దొరికింది. పునస్సంయోగ గీతలు మాత్రం కనబడవన్నది రెండోది. చుట్టూ ఉన్న అయాన్ల విద్యుత్ క్షేత్రం వల్ల పై మెట్లు చెదిరిపోయి, గీత వెడల్పుగా పరుచుకుని, నేపథ్యంలో కలిసిపోతుందని ఆయన వాదన. మొదటి తీర్పు నిజమైన పెద్దమనిషి మాట కాబట్టి రెండోదాన్ని కూడా చాలామంది నమ్మారు. చాలా ఏళ్లపాటు వాటి కోసం వెతికే ప్రయత్నమే సాగలేదు.

1959లో నికోలాయ్ కర్దషేవ్ అనే ఇరవై ఏడేళ్ల రష్యన్ ఆ లెక్కను మళ్లీ వేశాడు. నీహారికల పల్చదనంలో ఆ వెడల్పు అంతగా ఉండదని, ఉన్న పరికరాలతోనే గీతలు పట్టుబడతాయని తేల్చాడు. 1964లో రష్యాలో రెండు బృందాలు వాటిని పట్టుకున్నాయి. పుల్కోవోలో ద్రావ్‌స్కిఖ్ బృందానికి 105 నుంచి 104కు దిగే గీత దొరికింది. పుష్చినోలోని 22 మీటర్ల డిష్‌తో సొరోచెంకో, బొరోద్జిచ్‌లకు 91 నుంచి 90కి దిగే గీత ఒమేగా నీహారికలో దొరికింది. 1965 జూలైలో అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో 43 మీటర్ల డిష్‌తో హోగ్లుండ్, మెజ్గర్ 110 నుంచి 109కి దిగే గీతను 5,009 మెగాహెర్ట్జ్ దగ్గర స్పష్టంగా చూశారు. దాన్నే హైడ్రోజన్ 109 ఆల్ఫా అంటారు. ఒక్క మెట్టు దిగితే ఆల్ఫా, రెండు దిగితే బీటా.

109వ మెట్టు మీద ఎలక్ట్రాన్ ఉన్న హైడ్రోజన్ పరమాణువు వ్యాసం మైక్రానుకు పైగా ఉంటుంది, చిన్న బాక్టీరియా అంత. మరుసటి ఏడాదే హీలియం రేడియో గీత, ఆ తర్వాతి ఏడాది కార్బన్ గీత దొరికాయి. గుంటూరులో, మచిలీపట్నంలో కంటితో చూసిన మూలకమే వందేళ్లకు రేడియోలో పలికింది. ఈ మూడింటి గీతలూ పక్కపక్కనే ఉంటాయి. ఎందుకంటే ఎలక్ట్రాన్ అంత దూరాన ఉన్నప్పుడు, లోపల ఉన్నది హీలియమైనా కార్బనైనా దానికి ఒక్క ధనావేశపు చుక్కలాగే కనిపిస్తుంది. కేంద్రకం బరువును బట్టి గీత కొంచెం పక్కకు జరుగుతుంది, అంతే. బోర్ నమూనా హైడ్రోజన్‌కే చెల్లుతుందని పుస్తకంలో ఉంటుంది కదా! ఇలాంటి పెద్ద పరమాణువులన్నీ దాదాపు హైడ్రోజన్ లాంటివే.

ఊటీ కొండవాలు మీద

ఇక్కడి నుంచి కథ దక్షిణాదికి వస్తుంది. ఊటీ దగ్గర ముత్తొరైలో గోవింద్ స్వరూప్ నాయకత్వంలో టాటా ఇన్‌స్టిట్యూట్ వారు 1970లో ఒక రేడియో టెలిస్కోపు నిలబెట్టారు. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అక్కడి కొండవాలు సుమారు 11 డిగ్రీలు, ఆ చోటి అక్షాంశం కూడా అంతే. కాబట్టి వాలు వెంట ఉత్తర దక్షిణాలుగా టెలిస్కోపును పెడితే అది భూమి ఇరుసుకు సమాంతరంగా వస్తుంది. దాన్ని ఒక్క ఇరుసు మీద తిప్పితే చాలు, నక్షత్రాన్ని తొమ్మిది గంటలకు పైగా వెంబడించవచ్చు. ఖర్చు లేకుండా కొండనే యంత్రంలో భాగం చేసుకున్న ఈ ఉపాయాన్ని ఏ ఇంజనీరింగ్ విద్యార్థి అయినా ఒకసారి వెళ్లి చూడాలి.

ఆ టెలిస్కోపు పనిచేసేది 327 మెగాహెర్ట్జ్ పరిసరాల్లో. మనం పైన కాగితం మీద వేసిన 272 ఆల్ఫా గీత 325 దగ్గర. అంటే ఆ గీత సరిగ్గా దాని చెవిలోనే పడుతుంది. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థకు చెందిన కె.ఆర్. అనంతరామయ్య ఆ అవకాశాన్ని పట్టుకున్నారు. పాలపుంత పట్టీ వెంబడి 53 దిక్కుల్లో ఆ గీత కోసం వెతికి 1985లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 34 ప్రకాశవంతమైన నీహారికలు, 12 పేలిపోయిన నక్షత్రాల అవశేషాలు, 6 ఏమీ లేని ఖాళీ చోట్లు, ఒకటి పాలపుంత కేంద్రం.

ఖాళీ చోట్లను కూడా ఎంచుకోవడంలోనే ఆయన తెలివి ఉంది. గీత నీహారికల నుంచే వస్తుంటే ఖాళీ దిక్కుల్లో కనబడకూడదు. కానీ పాలపుంత లోపలి భాగం వైపు చూసిన దాదాపు ప్రతి దిక్కులోనూ అది కనబడింది. అంటే ఈ గీతను పంపుతున్నది నీహారికల నడిబొడ్డు కాదు. వాటి చుట్టూ చాలా దూరం పరుచుకున్న పల్చని అయాన్ల పొర. అందులో ఘన సెంటీమీటరుకు పది ఎలక్ట్రాన్లు మించవు.

ఎందుకలా? 272వ మెట్టు మీద ఉన్న పరమాణువు వ్యాసం ఎనిమిది మైక్రాన్లకు దగ్గర, మన రక్తంలోని ఎర్రకణమంత. పొడవాటి కావడి మోసేవాడు సంతరోజు అంగళ్ల మధ్య నడవలేడు. నాలుగడుగులకొకసారి ఎవరికో తగులుతుంది. అదే ఊరి బయట మైదానంలో హాయిగా పోతాడు. ఇదీ అంతే. దట్టమైన నీహారిక నడుమ ఇంత పెద్ద పరమాణువును ఇరుగుపొరుగు కుదురుగా ఉండనివ్వవు. పల్చని అంచుల్లో అది బతుకుతుంది. వాన్ డి హుల్స్ట్ భయపడిన చెదురు పూర్తిగా అబద్ధం కాదన్నమాట. ఏ మెట్టు దగ్గర, ఎంత దట్టమైన చోట అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ చెదురునే కొలమానంగా వాడుకుని వాయువు ఎంత పల్చనో చెప్పారు అనంతరామయ్య. కంటికి, మామూలు టెలిస్కోపుకు దొరకని ఈ పొర పాలపుంతలో ఎంతమేర ఉందో మొదట స్పష్టంగా చూపినవాటిలో ఆ ఊటీ పని ఒకటి. తర్వాత అనీశ్ రోషితో కలిసి 270 నుంచి 273 వరకు నాలుగు ఆల్ఫా గీతలను ఒకేసారి పట్టి ఆ పటాన్ని ఇంకా వివరంగా గీశారు.

నైట్రోజనా, కార్బనా?

1980లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నుంచి ఒక వార్త వచ్చింది. అక్కడ టీ ఆకారంలో పరిచిన యూటీఆర్-2 అనే పెద్ద యాంటెన్నాల వరసతో కొనొవలెంకో, సోదిన్ 26 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక గీతను చూశారు. అది శర్మిష్ఠ రాశిలోని కాసియోపియా ఎ అనే నక్షత్ర అవశేషం ముందున్న మేఘాలది. అది మెరిసే గీత కాదు, నేపథ్యపు వెలుగును మింగిన నల్ల గీత. నైట్రోజన్ పరమాణువు గీత అదే చోట ఉంటుంది కాబట్టి అది నైట్రోజన్ అనుకున్నారు. అదే ఏడాది అమెరికాలో బ్లేక్, క్రచర్, వాట్సన్ వేరే లెక్క చెప్పారు. అది కార్బన్ 631 ఆల్ఫా కావచ్చన్నారు.

రెండిట్లో ఏది నిజమో తేల్చడం ఎలా? ఇది నేను తరగతిలో పిల్లలనే అడిగే ప్రశ్న. ఎవరో ఒకరు జవాబు చెప్పేవారు. నైట్రోజన్ అయితే ఆ ఒక్క గీతే ఉండాలి. మెట్లు దిగే కార్బన్ అయితే 630కీ, 632కీ, ఆ పక్కవాటికీ లెక్క ప్రకారం గీతలుండాలి. వెతికారు. ఉన్నాయి. ఖార్కివ్ వారే కొన్ని పట్టారు. అనంతరామయ్య, అమెరికన్ ఎరిక్సన్, రామన్ సంస్థ డైరెక్టర్ వి. రాధాకృష్ణన్ కలిసి మరికొన్ని పట్టి 1985లో ప్రచురించారు. దాంతో సందేహం తీరింది.

హైడ్రోజన్ ఉండగా కార్బన్ ఎందుకు? హైడ్రోజన్‌ను విడగొట్టడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, కార్బన్‌కు 11.3 చాలు. నక్షత్రాల దగ్గర ఉన్న హైడ్రోజన్, 13.6కు మించిన కాంతినంతా తానే మింగేస్తుంది. దానికి తక్కువైన కాంతి దూరంగా ఉన్న చల్లని మేఘాల్లోకి చొరబడి కార్బన్‌ను మాత్రం విడగొడుతుంది. కాబట్టి హైడ్రోజన్ గీత వెచ్చని వాయువు సంగతి చెబితే, తక్కువ పౌనఃపున్యపు కార్బన్ గీత చల్లని మేఘాల సంగతి చెబుతుంది.

గౌరిబిదనూరు

ధర్మవరం నుంచి బెంగళూరు రైలెక్కితే పెనుకొండ, హిందూపురం దాటాక గౌరిబిదనూరు వస్తుంది. కర్ణాటకే అయినా చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. నేలకంపాలను, దూరదేశాల అణుపరీక్షలను పసిగట్టే భాభా అణు పరిశోధన కేంద్రం వారి వ్యవస్థ ఆ ఊరి దగ్గర 1965 నుంచీ ఉంది. 1970ల నడుమ అక్కడే రామన్ సంస్థ, భారతీయ ఖగోళ భౌతిక సంస్థ కలిసి ఒక రేడియో టెలిస్కోపు కట్టడం మొదలుపెట్టాయి. సి.హెచ్.వి. శాస్త్రి వంటి శాస్త్రజ్ఞులు దాని వెనక ఉన్నారు.

మన కళ్లకు అది టెలిస్కోపులా కనిపించదు. గొట్టం లేదు, అద్దం లేదు, డిష్ లేదు. గుంజలు పాతి తీగలు కట్టిన చేనులాగా ఉంటుంది. ఒకప్పుడు మన మిద్దెల మీద టీవీకి పెట్టుకున్న యాంటెన్నాల్లాంటి డైపోళ్లు వెయ్యి. తూర్పు పడమరలుగా 1.4 కిలోమీటర్ల మేర 640, దక్షిణంగా 450 మీటర్ల మేర 360, టీ ఆకారంలో. అది వినేది 34.5 మెగాహెర్ట్జ్, అంటే దాదాపు 8.7 మీటర్ల పొడవున్న తరంగాలు. 1990లో ద్వారకానాథ్, ఉదయశంకర్ దీనితో ఆకాశంలో చాలా భాగానికి రేడియో పటం గీసి ప్రచురించారు. ఇంత తక్కువ పౌనఃపున్యంలో అలాంటి పటాలు ప్రపంచంలోనే అరుదు.

34.5 మెగాహెర్ట్జ్ దగ్గర కార్బన్ ఎన్నో మెట్టు పలుకుతుంది? మళ్లీ అదే లెక్క వేస్తే 575 వస్తుంది. ఆ పరమాణువు వ్యాసం 35 మైక్రాన్లు. నిమిషా కాంతారియా, అనంతరామయ్య ఈ యాంటెన్నాలతో ముందు కాసియోపియా ఎ వైపు, తర్వాత పాలపుంత పట్టీ వెంబడి కార్బన్ గీతలు వెతికారు. ఫలితాలు 1998లో, 2001లో వచ్చాయి.

పని ఎంత కష్టమో చెప్పాలి. గీత బలం నేపథ్యపు ఆకాశపు హోరులో వెయ్యో వంతు, ఒక్కోచోట అంతకన్నా తక్కువ. తిరునాళ్లలో మైకుల మధ్య ఒకరి గుసగుస వినడం లాంటిది. దీనికి రెండు ఉపాయాలు. ఒకటి ఓపిక. హోరు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంది కాబట్టి గంటల తరబడి కూడితే అది కొంత రద్దవుతుంది. గీత ఎప్పుడూ ఒకే చోట ఉంటుంది కాబట్టి నిలుస్తుంది. వందరెట్లు సేపు వింటే హోరు పదో వంతుకు తగ్గుతుంది. రెండోది బోర్ ఇచ్చిన వరం. ఈ ఎత్తున మెట్లు ఎంత దగ్గరంటే, ఒక్క మెగాహెర్ట్జ్ వెడల్పులోనే అయిదారు ఆల్ఫా గీతలు పడతాయి. వాటన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే అన్ని రెట్లు కాలం ఆదా.

ఇలా 34.5 దగ్గర వచ్చిన నల్ల గీతలను, ఊటీలో 328 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చిన మెరిసే గీతలతో పోల్చారు. ఒకే మేఘం ఒక పౌనఃపున్యంలో మింగుతుంది, మరోదానిలో వెలుగుతుంది. ఈ మార్పు ఎక్కడ జరుగుతుందన్నదాన్ని బట్టి మేఘం వేడిని, సాంద్రతను లెక్కగట్టవచ్చు. ఒక కొస ఊటీ కొండవాలు, మరో కొస హిందూపురం పొరుగు చేను. మధ్యలో మెట్ల బావి లెక్క.

అనంతరామయ్య 2001లోనే కన్నుమూశారు. అప్పటికి ఆయన చేయి నీహారికలు దాటి ఆర్ప్ 220 అనే దూరపు గెలాక్సీలో పునస్సంయోగ గీతల దాకా వెళ్లింది. దుమ్ము కప్పేసిన ఆ గెలాక్సీలో నక్షత్రాలు ఎంత వేగంగా పుడుతున్నాయో ఆ గీతలతో అంచనా వేశారు. కాంతిని దుమ్ము ఆపుతుంది, రేడియో తరంగాన్ని ఆపలేదు. పాలపుంత చేతుల్లో నీహారికలు ఎక్కడెక్కడున్నాయో, ఎంత వేడిగా ఉన్నాయో, విశ్వంలో హీలియం పాలెంతో ఈ గీతలతో కొలుస్తూనే ఉన్నారు. ఖార్కివ్ వారు 2007లో 1,009వ మెట్టు దాకా వెళ్లి, మిల్లీమీటరులో పదో వంతున్న కార్బన్ పరమాణువులను గుర్తించారు. తల వెంట్రుక మందమున్న పరమాణువు! ఆ యూటీఆర్-2 ఉన్న చోటు 2022 యుద్ధంలో సైన్యాల చేతుల్లో పడి బాగా దెబ్బతింది. అలాంటి కేంద్రాలు లోకంలో ఎన్నో లేవు. వాటిని నిలుపుకోవడం ఒక్క దేశపు పని కాదు.

మన బడికి ఒక మాట

"ఇదంతా మనకెందుకు సార్?" అని ఒక విద్యార్థి అడిగినప్పుడు నేను ఉద్యోగాల సంగతి చెప్పలేదు. నువ్వు కాగితం మీద వేసిన లెక్క ఆకాశంలో సరిపోయింది, అది చూడు అన్నాను. పెద్దమనిషి కనబడదన్నది, మళ్లీ లెక్క వేసినవాడికి కనబడింది. నైట్రోజన్ అన్నది, పక్క మెట్టు చూసినవాడికి కార్బన్ అయింది. గొప్పవాళ్ల మాటైనా సరిచూసుకోవాలన్న సంగతి ఇంతకన్నా బాగా చెప్పే పాఠం నాకు తెలియదు. ఇదంతా ఎక్కడో జరగలేదు. తాడిపత్రి, ధర్మవరం మీదుగా ఒక పూట ప్రయాణంలో జరిగింది. మన పిల్లలకు నాసా పేరు తెలుసు, గౌరిబిదనూరు పేరు తెలియదు.

అందుకని సంఘానికి నా విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో శిలాఫలకానికి, ఆర్చికి పోగా మిగిలినదానిలో కొంత సైన్సు గదికి కేటాయించండి. హైడ్రోజన్ నాళిక, దానికి కావలసిన విద్యుత్ సరఫరా, ఒక వివర్తన జాలకం కొద్ది వేల రూపాయల్లో వస్తాయి. బోర్ చెప్పిన ఎరుపు, నీలిపచ్చ, ఊదా గీతలను పిల్లవాడు తన కంటితో చూస్తాడు. రెండో మెట్టుగా, అట్టకు అల్యూమినియం రేకు అంటించి చేసే కొమ్ము ఆకారపు యాంటెన్నా, కంప్యూటరుకు తగిలించే చిన్న రేడియో రిసీవరు, ఒక యాంప్లిఫయరు ఉంటే పాలపుంత హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల గీతను విద్యార్థులే పట్టవచ్చు. లోకంలో ఎంతోమంది ఔత్సాహికులు, కాలేజీ పిల్లలు ఇలా పట్టారు. పునస్సంయోగ గీతలు అంత సులువుగా దొరకవు గానీ, వాటి దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది. అవుకు రిజర్వాయరు కట్ట మీద రాత్రిపూట ఇప్పటికీ చీకటి ఉంది. చలికాలంలో అక్కడ నిలబడి తూర్పుకు చూస్తే, వరసగా మూడు చుక్కలు, వాటి పక్కన మసకగా వెలిగే ఒరాయన్ నీహారిక మామూలు కంటికే కనిపిస్తాయి. ఆ మసక వెలుగులోనే ఎలక్ట్రాన్లు మెట్లు దిగుతున్నాయి.

ఏడాదికి ఒకసారి తొమ్మిది, పది తరగతుల పిల్లలను సంబంధిత సంస్థ అనుమతి తీసుకుని గౌరిబిదనూరుకు తీసుకెళ్లే బాధ్యత మన సంఘం తీసుకుంటే బాగుంటుంది. ఆ ప్రయాణంలో లెక్కలు చెప్పే పని నాకు అప్పగించండి. ఓపిక ఉన్నన్నాళ్లూ వస్తాను.